హాకిమ్ ఫైసలా, సర్కారు కలం

ముల్కీ, గైర్‌ముల్కీ తకరారు మన బుజుర్గులకు బాగా యాదుంటుంది. సర్కారీ నౌకరీలు ముల్కీలకేనన్న నిజాం ఫర్మానా 1919 నాటిది. ఆ జగడం 1969లో తెలంగాణలో, 1972లో ఆంధ్రలో రోడ్డెక్కాక, 1974లో రాజ్యాంగంలోకి 371డి అధికరణం వచ్చింది. నియామకాలు, తరక్కీ, సీనియారిటీ తగాదాలు వినే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ దాని కింద ఏర్పడిందే.

అక్కడ ముద్దాలేహ్ సర్కారే. కానీ ఐదో క్లాజు చూడండి. ట్రిబ్యునల్ ఆఖరి ఫైసలా అమల్లోకి రావాలంటే సర్కారు ఖరారు చేయాలి, లేదా మూడు నెలలు గడవాలి. ఈ లోపు కారణాలు రాసి సర్కారు దాన్ని మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు. ఓడిన ఫరీఖు చేతికే కలం ఇచ్చారన్నమాట! ఆ కుర్చీలో కూర్చున్న హాకిమ్‌కు ఇక మిగిలే ఇజ్జత్ ఎంత?

వాలీల జుల్మ్ మీద ఫిర్యాదులు వినే మజాలిమ్ అదాలత్ గురించి పదకొండో సదీలోనే ఇమామ్ మావర్దీ రాశారు. అక్కడ కూర్చునేవాడి హుకుం చెల్లుబాటు కావాలన్నది ఆయన పెట్టిన షర్తుల్లో ఒకటి.

1986 డిసెంబరులో సాంబమూర్తి కేసులో చీఫ్ జస్టిస్ భగవతి ధర్మాసనం ఐదో క్లాజును కొట్టేసింది. ట్రిబ్యునల్ ఫైసలాల మీద హైకోర్టు తలుపు తట్టే హక్ మాత్రం 1997లో, చంద్రకుమార్ కేసుతో గానీ రాలేదు.