వెలుగు అందినంత వరకే వేగం

హెడ్‌లైటు ఎంత ప్రకాశవంతంగా ఉంటే రాత్రి ప్రయాణం అంత క్షేమమని వాహన చోదకులు భావించడం పరిపాటి. వాస్తవానికి చూడవలసినది బల్బు వాట్లు కాదు. ఆపదను గుర్తించి బండిని నిలపడానికి కావలసిన దూరం మేరకు వెలుగు చేరుతున్నదా అన్నదే ప్రధానం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగానికి 80 మీటర్లు, 80 కిలోమీటర్ల వేగానికి 120 మీటర్ల మేర దారి కనిపించాలి. ప్రమాదాన్ని గ్రహించి బ్రేకు తొక్కడానికి అందులో రెండున్నర సెకన్లు కేటాయించారు. 80 వేగంలో ఆ కాస్త వ్యవధిలోనే వాహనం 55 మీటర్లు ముందుకు సాగిపోతుంది.

దూరం రెట్టింపయితే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2016 నుంచి ఇస్తున్న హెడ్‌లైట్ల రేటింగులలో 5 లక్స్ వెలుగు ఎంత దూరం పడుతున్నదో కొలుస్తారు. 50 మీటర్ల వద్ద ఆ వెలుగు పడడానికి 12,500 క్యాండెలాల తీవ్రత చాలు. 100 మీటర్ల వద్దనయితే 50 వేలు కావాలి. అంత తీవ్రత ఎదుటివారి కళ్లలో పడరాదు కనుకనే డిమ్ లైటును కిందికి వంచుతారు. 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపాన్ని 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున వంచితే 65 మీటర్ల వద్దనే అది రోడ్డును తాకుతుంది. ఎడమ అంచున మాత్రం కొంత ఎక్కువ దూరం పోతుంది. డిమ్ మీద 80 వేగమంటే కానరాని చోటికి బండి తోలడమే.

పల్లె దారుల్లో పరిస్థితి మరీ కష్టం. వెనుక దీపం, రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రక్కులు, ధాన్యం రాశులపై కప్పిన నల్ల టార్పాలిన్లు, గేదెలు పడిన కాంతిని అంతగా తిప్పి పంపవు. తెల్ల పంచె కట్టిన మనిషి కనిపించినంత దూరానికి గేదె కనిపించదు. పైగా 60 ఏళ్ల వారి కంటి లోపలికి 20 ఏళ్ల వారితో పోలిస్తే సుమారు మూడో వంతు వెలుగే చేరుతుంది.

ఇందుకు విరుగుడుగా 60/55 వాట్ల హాలోజన్ బల్బు తీసి 100/90 బిగించేవారున్నారు. దీనివల్ల వైరింగు, రిఫ్లెక్టరు వేడెక్కి చెడిపోతాయి, ఎదుటి చోదకునికి క్షణకాలం చూపు ఆనదు. దీపానికి 8 మీటర్ల దూరాన, అర మీటరు కుడిపక్కన, ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

వాట్లు పెంచడం కన్నా పసుపుబారిన అద్దం మార్చుకోవడం మేలు. సమతల నేలపై గోడకు 10 మీటర్ల దూరాన బండి నిలిపితే, డిమ్ వెలుగు పై అంచు దీపం ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి. డిక్కీ నిండా బరువు వేస్తే ముందు భాగం లేచి ఈ లెక్క తప్పుతుంది. అనేక కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 అంకెలున్న చిన్న చక్రం అమర్చినది అందుకే. బరువు పెరిగిన కొద్దీ అంకె పెంచాలి.