కాంతి చేసిన గాయానికి కత్తి వైద్యం

మన కుటుంబాలలో షుగర్ జబ్బు గలవారు ఎందరో ఉన్నారు. "లేజరు పెట్టించినా చూపు తగ్గింది, ఇక ఇలాజ్ ఏమున్నది?" అని కొందరు ఇంట్లో కూర్చుండిపోతారు. అందుకే ఈ వైద్యపు చరిత్రను సభ్యుల ముందుంచుతున్నాము.

కంటి వెనుక గోడకున్న పల్చని తెరను రెటీనా అంటారు. 1945లో సూర్యగ్రహణాన్ని నేరుగా చూచి ఒక విద్యార్థి రెటీనా కాల్చుకున్నాడు. ఆ మచ్చను చూచిన జర్మనీ వైద్యుడు మేయర్-ష్వికెరాత్‌కు, కాల్చే కాంతితోనే రెటీనాను అతికించవచ్చునని తోచింది. మొదట ఎండను, తర్వాత జీనాన్ దీపాన్ని వాడినారు. 1960లో లేజరు పుట్టింది. 1961 డిసెంబరులోనే న్యూయార్కులో దానితో ఒక రోగి రెటీనాపై గడ్డను కాల్చారు. ముదిరిన షుగర్ రోగులలో తీవ్రంగా చూపు పోయే ప్రమాదాన్ని ఈ కాంతి వైద్యం సగానికి పైగా తగ్గించునని 1976లో అమెరికా పరిశీలన తేల్చింది.

అయితే కాల్చిన చోట మచ్చ మిగులును గదా! పక్కచూపు, రాత్రిచూపు కొంత తగ్గవచ్చు. జబ్బు వల్ల కొంత, వైద్యం వల్ల కొంత, పీచుపొరలు బిగిసి రెటీనాను లాగుతాయి. కంటిలోని జిగురులో రక్తం నిండుతుంది. అప్పుడు లేజరుకు దారే మూసుకుపోతుంది. గురి తప్పి చూపు కేంద్రాన పడితే రంధ్రమే పడవచ్చు.

ఆ జిగురును ముట్టుకుంటే కన్ను పోతుందని సర్జన్లు భయపడేవారు. మయామీలో రాబర్ట్ మాకెమర్ కోడిగుడ్డు తెల్లసొనపై సాధన చేసి, 1970 ఏప్రిల్ 20న ఒక షుగర్ రోగి కంటిలోకి సన్నని పరికరం పంపి, రక్తంతో నిండిన జిగురును కోసి, పీల్చి, ద్రవం నింపారు. అదే విట్రెక్టమీ. తర్వాత దీనితోనే పొరలు ఒలిచి, ఊడిన రెటీనాను అతికించసాగారు. ఈ ఆపరేషన్‌తోను, గ్యాసు బుడగతోను చూపు కేంద్రపు రంధ్రం మూయవచ్చునని 1991లో కెల్లీ, వెండెల్ చూపారు. లేజరు తగిలి పడిన రంధ్రాలకూ ఇదే పద్ధతి వాడుతున్నారు. చచ్చిన కణాలు మాత్రం తిరిగి రావు.

విశేషమేమంటే, ఆపరేషన్ బల్లపైనే కంటి లోపల మళ్లీ లేజరు వాడతారు. కత్తికీ కాంతికీ వైరం లేదు. రెండింటికీ శత్రువు ఆలస్యమే.

కనుక సోదర సోదరీమణులారా! షుగర్ గలవారు చూపు బాగున్నా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. లేజరు తర్వాత నల్లచుక్కలు రాలినా, తెర దిగినట్లున్నా ఆ రోజే డాక్టరు దగ్గరకు పోవాలి. పెద్దలు మొహమాటపడితే పిల్లలే చెయ్యి పట్టి తీసుకుపోవాలని మా మనవి.