గ్రామ అధ్యయనం

ఒక ఊరిని ఎంచుకుని, అక్కడ నెలల తరబడి మకాం వేసి లేదా ఇంటింటి లెక్క తీసి, ఆ ఊళ్లో భూమి, కులం, కూలి, అప్పు, పెళ్లి, జాతర ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో రాసే సామాజిక శాస్త్ర పరిశోధన పద్ధతిని గ్రామ అధ్యయనం అంటారు. భారతదేశంలో సమాజశాస్త్రం, మానవశాస్త్రం, వ్యవసాయ ఆర్థికశాస్త్రం చాలావరకు ఈ పద్ధతి చేతుల్లోనే పెరిగాయి. పరిశోధకుడు ఏ ఊరికి వెళ్లాడు, ఎవరింట దిగాడు, మళ్లీ ఎప్పుడు వచ్చాడు అన్న మూడు ప్రశ్నలు దీని చరిత్ర పొడవునా వినిపిస్తాయి.

ఊళ్ల లెక్కలు రాయడం కొత్తదేమీ కాదు. చోళుల శాసనాల కాలం నుంచి మొఘలుల దస్తావేజుల దాకా రాజులందరూ పన్ను కోసం ఆ పని చేయించారు. అయితే ఊరు తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో వినడానికి మనుషులను పంపిన మొదటివారిలో కర్నల్ కాలిన్ మెకంజీ ముఖ్యుడు. ఈ సర్వే అధికారి 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయి, 1821లో మరణించాడు. ఆయన పని నిజానికి ఏలూరుకు చెందిన కావలి సోదరుల పని. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోగా, తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ బాధ్యత ఎత్తుకున్నాడు. వారు పంపిన మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన వృత్తాంతాలే కైఫీయతులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, ఏ దొరతనం ఎప్పుడు మారింది, ఇనాములు ఎవరివి, ఏ పంటలు పండుతాయి అన్న సంగతులన్నీ అందులో ఉంటాయి. చెప్పినవాడు కరణం కాబట్టి కైఫీయతుల్లో ఊరు కరణం అరుగు మీద నుంచి కనిపిస్తుంది. మాలపల్లె నుంచి అదే ఊరు ఎలా ఉండేదో వాటిలో వెతికితే దొరికేది తక్కువ. తరవాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు తీయించకపోతే తెలుగు ప్రాంత చరిత్రకారులు చాలా నష్టపోయేవారు.

ఆ తరవాత దాదాపు శతాబ్దం పాటు ఊళ్ల గురించి వాదాలే ఎక్కువ సాగాయి. భారతీయ గ్రామాలు ఎవరి ప్రమేయమూ అక్కరలేని చిన్న గణతంత్రాలని బ్రిటిష్ అధికారి చార్లెస్ మెట్కాఫ్ 1830లో రాశాడు. హెన్రీ మెయిన్ 1871లో, బేడెన్-పావెల్ 1896లో గ్రామ సమాజంపై పుస్తకాలు వెలువరించారు. జనాభా లెక్కలు, జిల్లా మాన్యువళ్లు వచ్చాయి. 1909లో ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశారు. ఇన్ని వచ్చినా ఒక ఊళ్లో ఒక కుటుంబం ఏడాదంతా ఏం తిని బతికిందో చెప్పే కాగితం మాత్రం అరుదు.

ఆ లోటు తీర్చే పని మద్రాసు, పుణె నగరాల్లో దాదాపు ఒకేసారి మొదలైంది. గిల్బర్ట్ స్లేటర్ 1915 చివర్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా వచ్చాడు. పాఠ్యపుస్తకాల్లోని ఇంగ్లండు ఉదాహరణలు ఇక్కడి పిల్లలకు పనికిరావని ఆయనకు త్వరగానే తెలిసింది. ఒక ప్రశ్నావళి తయారుచేసి విద్యార్థుల చేతికిచ్చి, సెలవుల్లో సొంత ఊరి లెక్క రాసుకు రమ్మన్నాడు. వాటి నుంచి 1918లో ‘దక్షిణ భారత గ్రామాలు కొన్ని’ అనదగిన ఇంగ్లీషు గ్రంథం వచ్చింది. డబ్బు ఖర్చు లేదు, భాష సమస్య లేదు, అడిగేవాడు ఊరికి కొత్తవాడు కాడు. పోతే, అప్పట్లో కాలేజీకి రాగలిగిన కుర్రవాడి ఇల్లు ఊళ్లో ఏ వీధిలో ఉండేదో ఊహించడం కష్టం కాదు.

స్లేటర్ గ్రంథానికి అసలు విలువ ఆ తరవాత వచ్చింది. పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ 1936-37లో మళ్లీ ఆ ఊళ్లలో సర్వే జరిపించి 1940లో ఫలితాలు ప్రచురించారు. మార్గరెట్ హాస్వెల్ 1961లో మూడోసారి వెళ్లింది. దక్షిణార్కాటులోని ఇరువేల్పట్టుకైతే 1981లో ఒకసారి, 2008లో మరోసారి పరిశోధకులు వెళ్లారు. సుమారు తొంభై ఏళ్ల మార్పును ఒకే ఊళ్లో చూపగల అధ్యయనాలు ప్రపంచంలో ఎక్కడైనా కొద్దే.

పుణె దగ్గర హెరాల్డ్ మాన్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త పింప్లే సౌదాగర్ అనే ఊరిని ఎంచుకున్నాడు. పాత రికార్డులు తవ్వి, 1771లో సగటున 40 ఎకరాలున్న కమతం తన కాలానికి 7 ఎకరాలకు చిక్కిపోయిందని 1917లో చూపించాడు. భూమి ముక్కలవుతోందన్న మాట అంతకుముందూ ఉంది. దానికి అంకె తెచ్చిపెట్టింది మాత్రం ఆయనే.

తెలుగు నేలపైనా ఈ గాలి వీచింది. నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఎన్.జి. రంగా 1926లో డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. నిజాం రాజ్యంలో ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో ఎంచుకున్న ఊళ్లలో ఆర్థిక విచారణ చేసి అనేక సంపుటాలు వెలువరించారు. 1949-51లో ఆయనే మళ్లీ అలాంటి విచారణ చేశారు. రెండింటి నడుమ తెలంగాణలో సాయుధ పోరాటం నడిచింది కాబట్టి, ఆ సంపుటాలను పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే లాభం మామూలు గణాంకాల పుస్తకంతో రాదు.

ఇంతవరకు చెప్పుకున్న పరిశోధకులు అడిగి రాసుకున్నవారు. ఉండి చూసి రాసే పద్ధతి మరో దారిన వచ్చింది. బ్రోనిస్లా మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని, అక్కడివాళ్ల భాష నేర్చుకుని, 1922లో తన గ్రంథం వెలువరించాడు. జనంలో కలిసిపోతూ గమనించడం మానవశాస్త్రజ్ఞుడికి తప్పనిసరి దీక్షగా మారింది అప్పటి నుంచే. భారతదేశంలో విలియం, షార్లట్ వైజర్ అనే మిషనరీ దంపతులు ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఊళ్లో ఉండి 1930లో ఒక పుస్తకం రాశారు. విలియం 1936లో జజ్మానీ వ్యవస్థను, అంటే మన పల్లెల్లో మేర ఇచ్చి పని చేయించుకునే ఏర్పాటు వంటిదాన్ని, విడిగా వివరించాడు.

హైదరాబాద్ రాజ్యం ఈ పద్ధతికి ప్రయోగశాల కావడం వెనుక ఒక యుద్ధమూ ఒక తిరుగుబాటూ ఉన్నాయి. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1939లో భారతదేశంలో ఉండగా యుద్ధం మొదలైంది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల బ్రిటిష్ ప్రభుత్వానికి ఆయన శత్రుదేశీయుడు. నిజాం రాజ్యం దాటి వెళ్లకూడదన్న షరతు పడింది. ఖైదుగా మొదలైనది ఆయనకు వరమైంది. నల్లమలలో చెంచుల మధ్య తిరిగి 1943లో, గోదావరి కొండల్లోని రెడ్ల గురించి 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల గురించి 1948లో గ్రంథాలు ప్రచురించాడు. 1940లో గోండు నాయకుడు కుమ్రం భీం పోరాటాన్ని తుపాకులతో అణచిన తరవాత, అడవిలో అసలేం జరుగుతోందో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికీ పడింది. హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టి గోండీ నేర్చుకున్నాడు. ఆయన నివేదికల మీదుగా గోండు పిల్లలకు బడులు, గోండు రైతులకు పట్టాలు వచ్చాయి. పరిశోధకుడు తాను చూస్తున్న ఊరిని మార్చవచ్చా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. ఆయన భార్య బెట్టీ సమాధి ఆ ఊళ్లోనే ఉంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన శ్యామాచరణ్ దూబే మధ్యప్రదేశ్‌లోని సివనీలో 1922లో పుట్టినవాడు. అంతకుముందు కమార్ తెగపై రాశాడు. 1951-52లో విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ పథకం కింద ఒక బృందంతో సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేట చేరాడు. అందులో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివినవారూ ఉన్నారు. గ్రామ పరిశోధన అప్పటిదాకా చాలావరకు ఒంటరివాడి పని. దూబే దాన్ని జట్టు పనిగా మలిచాడు. మందు ఇచ్చే డాక్టరుకూ, ఎద్దును చూసే పశువైద్యుడికీ తెరుచుకున్న తలుపులు నోటుపుస్తకం పట్టుకున్నవాడికీ తెరుచుకున్నాయి.

1955లో లండన్‌లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ ఈ రంగంలో నేటికీ చదవదగిన గ్రంథం. కులాల కట్టుబాటు, ఆర్థిక జీవితం, పూజలు-పండగలు, కుటుంబ బంధాలు, జీవన స్థాయి, వస్తున్న మార్పులు వరసగా అందులో కనిపిస్తాయి. తరవాత చాలామంది ఊరికి మారుపేరు పెట్టి దాచారు. దూబే శామీర్‌పేటను శామీర్‌పేట అనే రాశాడు. శైలిలో ఆర్భాటం లేదు. ఒక తెలుగు పల్లెను ప్రపంచంలోని మానవశాస్త్ర తరగతి గదులకు చేర్చిన ఘనత ఈ పుస్తకానిదే.

అదే ఏడాది మరో రెండు సంకలనాలు వచ్చాయి. ఒకటి ఎం.ఎన్. శ్రీనివాస్ సంపాదకత్వంలో, మరొకటి షికాగోకు చెందిన మెకిమ్ మారియట్ సంపాదకత్వంలో. అందుకే 1955ను ఈ పద్ధతికి పంటకాలం అనవచ్చు. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక ఊళ్లో పదకొండు నెలలు ఉన్నాడు. దానికి రాంపుర అని పేరు పెట్టాడు. ‘ఆధిపత్య కులం’ అన్న మాట ఆయన రచనల ద్వారానే చలామణిలోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు సానబెట్టిన నోట్సు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1970 ఏప్రిల్ 24న ఎవరో పెట్టిన మంటలో కాలిపోయింది. కాగితం పోయినా జ్ఞాపకం ఉందిగదా అని స్నేహితులు ధైర్యం చెప్పగా, 1976లో ‘ది రిమెంబర్డ్ విలేజ్’ రాశాడు. నోట్సు కాలిపోవడం వల్లే అది మంచి పుస్తకమైందని అనేవారూ ఉన్నారు. అది కొంత అన్యాయమైన మాటే. బ్రాహ్మణుడిగా ఊరి పెద్ద ఆశ్రయంలో ఉండడం వల్ల దళిత వాడలోకి స్వేచ్ఛగా వెళ్లలేకపోయానని ఆయన దాచకుండా రాశాడు.

కైఫీయతులప్పటి చిక్కే ఇది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మెట్కాఫ్ పొగడ్తను ఎత్తిచూపి, అలాంటి గ్రామాలను కీర్తించడాన్ని తీవ్రంగా ఖండించారు. 1957లో లూయీ ద్యుమాన్, డేవిడ్ పోకాక్ మరో వైపు నుంచి దాడి చేశారు. ఊరు అన్నది సమాజంలో అసలైన ఘటకమే కాదు, కులమూ బంధుత్వమూ ఊరి పొలిమేర దాటి పోతాయి, కాబట్టి ఒక ఊరిని కొలిస్తే ఏం తెలుస్తుందని వారి వాదం. తంజావూరు జిల్లాలోని ఒక ఊళ్లో ఆంద్రే బెతే 1961-62లో చేసిన పని దీనికి కొంత సమాధానం. కులం, భూమి, అధికారం మూడూ ఒకప్పటిలా ఒకే చేతిలో లేవని ఆయన 1965 గ్రంథం చూపింది.

ఒక్క ఊరి కథ దేశానికి వర్తిస్తుందా అన్న ప్రశ్నకు గణాంకశాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ జవాబు వేరు. 1950 అక్టోబరులో మొదలైన జాతీయ నమూనా సర్వే తొలి విడత 1,833 గ్రామాలను తాకింది. 1951-52 గ్రామీణ రుణ సర్వే 75 జిల్లాల్లో 600 ఊళ్లకు వెళ్లింది. దీనితో లోతు, విస్తీర్ణం వేరు కాపురం పెట్టాయి. 1961 జనాభా లెక్కల వేళ ఒక్కొక్క ఊరిపై విడి గ్రంథాలు వేయించిన ప్రయత్నం మళ్లీ వాటిని కలపాలన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ గ్రంథాలు ఎ. చంద్రశేఖర్ పర్యవేక్షణలో వచ్చాయి. ఇవాళ వాటిని చదివేవారు తక్కువ. పాత ఊరి చరిత్ర కావలసినవారికి అవి ఒక నిధి. పాలమూరు ప్రాంతపు కొండూరు మీద పాల్ హీబర్ట్ రాసిన పుస్తకం 1971లో అమెరికాలో వెలువడింది.

లోతూ లెక్కా రెండూ ఒక్కచోట సాధించింది పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. 1975లో ఆరు ఊళ్లు తీసుకున్నారు. రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆరేపల్లె, డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రలోని సోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి నలభై ఇళ్లు. పది కూలీ కుటుంబాలు, మిగతావి చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. భాష తెలిసిన పరిశోధకుడు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి అవే గడపలెక్కి అవే ప్రశ్నలడిగేవాడు. నిరుడు ఎంత ఖర్చయిందంటే ఏ రైతూ సరిగా చెప్పలేడు. పోయిన వారం సంగతి చెప్పగలడు. ఈ చిన్న తెలివే ఆ లెక్కలకు విలువ తెచ్చింది. ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ ఇవే ఊళ్లలో నిజమైన డబ్బు పెట్టి బొమ్మా బొరుసా ఆట ఆడించాడు. పందెం పెద్దదయ్యేకొద్దీ బీద, ధనిక తేడా పెద్దగా లేకుండా అందరూ ఒకే తీరున జాగ్రత్తపడతారని 1980లో చూపాడు. పేద రైతు మూర్ఖంగా భయపడతాడన్న పాత ఊహకు అది గట్టి దెబ్బ. 1994లో రాబర్ట్ టౌన్సెండ్ రాసిన ప్రసిద్ధ వ్యాసానికీ ఆరేపల్లె లెక్కలు ఒక ఆధారం.

జనం చేతికే సుద్దముక్క ఇచ్చి నేల మీద ఊరి పటం గీయించే భాగస్వామ్య పద్ధతులు 1980ల చివర్లో రాబర్ట్ ఛాంబర్స్ వంటివారి ద్వారా వ్యాపించాయి. తరవాత అవి ప్రభుత్వ పథకాల్లో తంతుగా మారిన సందర్భాలూ ఉన్నాయి. లాటరీ తీసి కొన్ని చోట్ల పథకం ఇచ్చి, కొన్ని చోట్ల ఇవ్వకుండా పోల్చే ప్రయోగాలు 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో, హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో జరిగాయి.

పాత పద్ధతి పోలేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లాలోని కాజ, అనంతవరం గ్రామాల్లో భూమి, కూలి, కౌలు లెక్కలు తీయించి రైతాంగంలో వర్గాలు ఎలా విడిపోతున్నాయో రాశారు. కమ్యూనిస్టు పార్టీ నాయకుడు ఇంత ఓపికగా ఇంటింటి లెక్క తీయించడం అరుదు. 2005-06లో వి.కె. రామచంద్రన్ నాయకత్వంలోని బృందం అదే అనంతవరానికి తిరిగి వెళ్లింది. అనంతపురం జిల్లా బుక్కచెర్ల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లె కూడా ఆ సర్వేలో ఉన్నాయి.

మాన్ కమతాలు కొలిచిన పింప్లే సౌదాగర్ ఇప్పుడు పింప్రి-చించ్‌వడ్ నగరంలో ఒక భాగం. దూబే బృందం మకాం వేసిన శామీర్‌పేట హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు నుంచి దిగే చోట్లలో ఒకటి.