సమస్యాపూరణం నుంచి పోటీ కావ్యం దాకా: నెల్లూరు సీమలో యువకవుల పరీక్ష

నెల్లూరు తీరసీమలో కొత్త కవిని పరీక్షించి, మెచ్చి, పేరు పెట్టే ఆనవాయితీ అక్కడ కళాశాలలు వెలయడానికి ఎన్నో శతాబ్దాల ముందునుంచే ఉంది. 13వ శతాబ్దంలో విక్రమసింహపురి అనే పేరున్న నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రిగా, కవిగా వెలిగిన తిక్కన తన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. ఆ తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన ‘అభినవ దండి’ అనిపించుకున్నాడు. చిన్న కవి పెద్ద కవిని ఆశ్రయించి, ఆయన మెప్పుతో లోకానికి తెలియడమనే ఈ పద్ధతిలో గుణగ్రహణం ఎంత ఉన్నా, పరీక్షకుడికి ముందుగా తెలియని మనిషికి అందులో చోటు దొరకడం కష్టమే.

పండిత సభలలో పెరిగిన మరో పరీక్ష సమస్యాపూరణం. పైకి అర్థంలేనిదిగానో, అనుచితంగానో కనిపించే ఒక పద్యపాదాన్ని పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ఇస్తే, ఆ పాదం సమంజసంగా కుదిరేలా మిగిలిన పాదాలను కవి అప్పటికప్పుడు ఛందస్సు తప్పకుండా అల్లాలి. ఇటువంటి ఎనిమిది అంశాలను ఒకేసారి మనసులో నిలుపుకొని నడిపించేది అష్టావధానం. తెలుగువారికి గర్వకారణమైన ఈ విద్య ధారణనూ, ధారాశుద్ధినీ, సమయస్ఫూర్తినీ అద్భుతంగా తూచగలదు; కాని నెలల తరబడి ఒక కథను మనసులో నానబెట్టి, రాసి, కొట్టివేసి, తిరగరాసే రచయితను తూచే త్రాసు అది కాదు. ఆ త్రాసు కళాశాలల పోటీలతో వచ్చింది.

తెలుగులో కళాశాల కవితా పోటీల చరిత్రకు 1899 ఒక మైలురాయి. నెల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలో, అంటే బ్రిటిషువారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. మద్రాసు క్రైస్తవ కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సంఘం నిర్వహించిన పోటీకి ఇరవై ఏళ్లయినా నిండని కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ రాసి బహుమతి పొందాడు. ఆధునిక తెలుగు కావ్యాల చరిత్రను చాలామంది విమర్శకులు ఈ కృతితోనే మొదలుపెడతారు. సి.పి. బ్రౌన్ ప్రకటించిన అనంతపుర చరిత్రలోని వృత్తాంతం దీనికి ఆధారం. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతున్నప్పుడు ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన ఒక రెడ్ల ఇంటి కోడలు ఇందులో నాయిక. రాణులూ అప్సరసలూ ఏలిన కావ్యపీఠం మీద చెరువు కింద సేద్యం చేసుకునే ఇంటి కోడలు కూర్చోవడం చిన్న మార్పు కాదు. ఏ ప్రభువునూ పొగడవలసిన అవసరం లేకపోవడం, కృతిపతి అంటూ ఒకడు లేకపోవడం ఆ స్వేచ్ఛకు కొంతైనా తోడ్పడి ఉండాలి.

ఆ మద్రాసు క్రైస్తవ కళాశాలలోనే సంస్కృత పండితుడిగా చాలాకాలం పనిచేసిన వేదం వేంకటరాయశాస్త్రి అదే 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని స్థాపించి నాటకాలు ఆడించాడు. మద్రాసు తరగతి గదులకూ నెల్లూరు రంగస్థలానికీ మధ్య పండితులూ ఆలోచనలూ రాకపోకలు సాగించిన కాలమది. సముద్రతీరం వెంబడి వేసిన రైలు మార్గం ఆ రాకపోకలను మరింత తేలిక చేసింది.

అయితే కళాశాలల కవితా పోటీల వల్ల నెల్లూరు సీమకు దక్కిన గొప్ప ఫలితం మద్రాసు నుంచి కాక, ఉత్తరాన విజయనగరం నుంచి వచ్చింది. అక్కడి మహారాజా కళాశాల వారు 1918లో జరిపిన కవితా పోటీలో ప్రథమ స్థానం పొందిన ‘వనకుమారి’ కావ్యకర్త దువ్వూరి రామిరెడ్డి నెల్లూరు జిల్లా రైతుబిడ్డ. 1895లో పుట్టిన ఆయన కళాశాల మెట్లెక్కినవాడు కాడు. పొలం పనులు చూసుకుంటూనే ఆంగ్లం, పారశీకం వంటి భాషలను స్వయంకృషితో అభ్యసించి, తర్వాతి కాలంలో ఉమర్ ఖయ్యాం రుబాయీలను, అంటే నాలుగేసి పాదాల పారశీక పద్యాలను, ‘పానశాల’గా తెలుగు చేసినవాడు. పట్టా ఉన్నదా, ఏ సంస్థానం అండ ఉన్నదా అని అడగకుండా, పంపిన కావ్యం ఎలా ఉన్నదన్న ఒక్క ప్రశ్నతోనే ఆ పోటీ ఆయనను గుర్తించిందంటే, దాని నిర్వాహకులు విద్యాసంస్థ చేయవలసిన పనిని సరిగ్గా చేశారనే చెప్పాలి. బహుమతి తర్వాత ఆయన కలం దారి తప్పలేదు. ‘కృషీవలుడు’లో నాగలి పట్టిన రైతునే కావ్యవస్తువు చేశాడు. 1929లో ‘కవికోకిల’ బిరుదు ఆయనను వరించింది. తిక్కన సీమలో పుట్టి, మంత్రీ ఆస్థానకవీ కాకుండా, దుక్కిదున్నే బతుకును పద్యంలోకి తెచ్చిన ఆయన స్థానం ఆ జిల్లా సాహిత్యంలో ప్రత్యేకమైనది.

నెల్లూరు సొంత విద్యాసంస్థల కథ దీనికి కాస్త వెనుకగా నడిచింది. వేంకటగిరి రాజాల పేరుతో వెలిసిన పాఠశాల 1920లో వి.ఆర్. కళాశాలగా ఎదిగింది, కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డి కృషితో జవహర్ భారతి 1951లో ఏర్పడింది. ఉన్నత విద్య కోసం మద్రాసు వెళ్లక తప్పని విద్యార్థికి ఇలా ఊరి చేరువలోనే వేదిక దొరికింది. ఈలోగా పోటీల నిర్వహణ విశ్వవిద్యాలయాల స్థాయికీ చేరింది: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934 నాటి నవలల పోటీ బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’కూ, అడివి బాపిరాజు ‘నారాయణరావు’కూ కలిపి పంచింది. అది విద్యార్థుల పోటీ కాకపోయినా, వచన రచనకూ విద్యాపీఠం మన్నన దక్కుతుందని చదువుకుంటున్న తరానికి తెలియజేసింది.

2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడడంతో జిల్లాకు తన ప్రాచీన నామంతోనే ఒక విద్యాపీఠం సమకూరింది. గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా, కళాశాలల్లో కథ, కవిత, వ్యాసరచన పోటీలు జరపడం ఇప్పుడు పరిపాటి. గంటా రెండు గంటల వ్యవధిలో, అక్కడే ప్రకటించిన అంశం మీద రాయించే పోటీలు వ్యవధి విషయంలో కావ్యపు పోటీ కంటే పాత సమస్యాపూరణానికే దగ్గర. వేగాన్ని పరీక్షించడంలో తప్పు లేదు గాని, పెన్నా డెల్టా వరిసాగునో, పులికాట్ సరస్సు పల్లెకారుల బతుకునో, రొయ్యల గుంటల వెంట మారిన తీరగ్రామాలనో కథగా మలచాలనుకునే విద్యార్థికి ఆ గంట చాలదు. ‘ముసలమ్మ మరణం’ వంటి కృతి అటువంటి గంటలో పుట్టేది కాదు.

మరో సంగతి కూడా ఉంది. కట్టమంచి కృతి బహుమతితో ఆగక 1900లో పుస్తకమై వచ్చింది, ‘వనకుమారి’ కూడా అచ్చయింది. అందుకే ఆనాటి న్యాయనిర్ణేతల తీర్పును తర్వాతి పాఠకులు తాము చదివి ఒప్పుకోగలిగారు, ప్రశ్నించగలిగారు. కళాశాలల వార్షిక సంచికలు ఇదే పనిని చిన్న స్థాయిలో చేస్తూ వచ్చాయి. గెలిచిన రచనల పక్కనే మామూలు విద్యార్థి రాతకూ చోటిచ్చే ఆ సంచికలను ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం పోగుచేసి భద్రపరిస్తే, నెల్లూరు సీమ యువత ఏ కాలంలో దేన్ని గురించి, ఎటువంటి తెలుగులో రాసిందో తెలుసుకోవడానికి వాటికి మించిన ఆధారం ఉండదు.