సూర్యుని పుట్టినిల్లు

శీతకాలపు రాత్రులలో ఆర్ద్రా నక్షత్రమునకు సమీపమున వరుసగా నిలిచిన మూడు చుక్కలను చాలమంది చూచియుందురు. వాటికి కొంచెము దిగువగా మసక మరక యొకటి కలదు. అదియే ఓరియన్ నీహారిక. అచ్చటి వెలుగు మనలను చేరుటకు సుమారు 1300 సంవత్సరములు పట్టును. ఇట్టి మేఘమునుండియే మన సూర్యుడును భూమియు జనించినవా యను ప్రశ్నపై రెండు శతాబ్దులకు పైగా వివాదము నడచినది. దాని వెనుక మరియొక ప్రశ్న దాగియుండెను: భూమివంటి లోకములు విశ్వమున సామాన్యములా, లేక మనది యొక్కటే వింత సంఘటనయా?

1755లో జర్మను తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ తన పేరు లేకుండ నొక గ్రంథము వెలువరించెను. చెదరియున్న ద్రవ్యము ఆకర్షణచే కూడుకొని, తిరుగుచు, నడుమ సూర్యుడుగను చుట్టును గ్రహములుగను ఏర్పడెనని అందు వ్రాసెను. ప్రకాశకుడు దివాలా తీయుటచే అది పలువురను చేరలేదు. 1796లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఇట్టి భావమునే స్వతంత్రముగా ప్రతిపాదించెను. 1864లో విలియం హగ్గిన్స్ వర్ణపటదర్శినితో ఒక నీహారికను పరీక్షించి, అది చుక్కల గుంపు కాదనియు, వెలుగుచున్న వాయువనియు కనుగొనెను. ఓరియన్ నీహారికయు నట్టిదేయని త్వరలోనే తేలెను.

అయినను ఒక లెక్క కుదరలేదు. సౌరకుటుంబపు ద్రవ్యరాశిలో నూటికి 99 పాళ్ళకు పైగా సూర్యునిలోనే యున్నది. కాని కోణీయ ద్రవ్యవేగములో, అనగా తిరుగుడు యొక్క మొత్తములో, ఆయన వంతు రెండు పాళ్ళకు మించదు. ఈ చిక్కు చూచి 1917 ప్రాంతమున జేమ్స్ జీన్స్, సూర్యుని చెంతగా పోయిన వేరొక నక్షత్రము లాగివేసిన వాయువే గ్రహములైనదనెను. నక్షత్రములట్లు సమీపించుట మిక్కిలి అరుదు. కావున భూమి దాదాపు ఏకాకి యనవలసివచ్చెను.

1939లో లైమన్ స్పిట్జర్ అట్టి వేడి వాయువు గడ్డకట్టక చెదరిపోవునని లెక్కించి చూపెను. అయస్కాంత క్షేత్రముతో గూడిన సౌరవాయువు సూర్యుని తిరుగుడును క్రమముగా హరించినదని తరువాత తెలిసినది. త్రోసివేయబడిన పాతవాదము మరల నిలువబడినది.

నేడు మనమెరిగినది ఇది: నీహారికలోని చల్లని, చీకటి భాగము తన బరువుచే తానే కుంగును, నడుమ నక్షత్రము వెలయును, మిగిలినది పళ్ళెమువలె చదునై తిరుగును, అందలి ధూళి అంటుకొని రాళ్ళై, రాళ్ళు గ్రహములగును. 1990 దశాబ్దిలో హబుల్ దూరదర్శిని ఓరియన్ నీహారికయందే ఇట్టి పళ్ళెములను చూపెను. 2014లో చిలీ దేశపు ఆల్మా దూరదర్శినులు వృషభరాశిలోని ఒక పసి నక్షత్రము చుట్టును చీకటి చాళ్ళతో గూడిన పళ్ళెమును చిత్రించెను. పుట్టుచున్న గ్రహములే ఆ చాళ్ళను దున్నినవని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అన్య నక్షత్రముల గ్రహములు ఇప్పటికి వేలకొలది దొరకినవి.

కాబట్టి గ్రహములు పుట్టుటకు నక్షత్రములు రాచుకొనిపోనక్కరలేదు. నక్షత్రము పుట్టినచోట గ్రహములు పుట్టుట విశ్వమున వింత కాదు.