గడప మీద పసుపు, కాగితం మీద పసుపు

పొంగలికి నాలుగు రోజుల ముందు కోయంబత్తూరు బజార్లలోకి పసుపు ఆకులతో, వేళ్లతో, అంటుకున్న మట్టితో సహా వచ్చేస్తుంది. సింగానల్లూరులో చెరకు గడల పక్కనే పచ్చి పసుపు మొక్కలు కట్టలుగా అమ్ముడుపోతాయి. పొంగలి కుండ మెడకు ఆ మొక్కను చుట్టి కట్టడం తమిళనాటి ఆచారం. తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు ఇళ్లలోనూ అదే ఆచారం. పండుగ వెళ్లాక ఏడాది పొడుగునా పసుపు పొడి రూపంలో ఉంటుంది: పప్పులో చిటికెడు, ఊరగాయలో చెంచాడు, గడపకు పూత, మంగళసూత్రపు తాడుకు రంగు, వేలు తెగితే పట్టు. పాడవకుండా కాస్తుందనీ, పుండు చీము పట్టకుండా ఆపుతుందనీ ఈ ఇళ్లలో ఎవరూ ఎవరికీ రుజువు చూపించవలసి రాలేదు. రుజువు అడిగినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు అడిగింది 1990లలో, వాషింగ్టన్ పక్కనే ఉన్న పేటెంటు కార్యాలయంలో.

అంతకు ముందరి చరిత్ర పొడుగైనదే గానీ, ఆధారాలు మాత్రం పలచన. హరియాణాలోని ఫర్మానాలో దొరికిన హరప్పా కాలపు వంటకుండల మీద, మనుషుల పళ్ల మీద పసుపు, అల్లం పిండి రేణువులు కనిపించాయి. వాటి వయసు దాదాపు 4,500 ఏళ్లు. అక్కడినుంచి ఒక్క గెంతులో చరకసంహితకు రావాలి; చర్మరోగాలకు, దురదకు, విషానికి విరుగుడుగా అది చెప్పిన మందుల జాబితాల్లో హరిద్ర ఉంది. మరో గెంతు వేస్తే 13వ శతాబ్దం. చైనాలో మార్కో పోలో కుంకుమపువ్వులాంటి రంగూ వాసనా ఉండి కుంకుమపువ్వు కాని ఒక మొక్కను చూసి ఆశ్చర్యపోయాడు. గోవాలో వైద్యం చేసిన పోర్చుగీసు గార్సియా ద ఓర్టా 1563లో అచ్చయిన తన గ్రంథంలో పసుపుకు చోటిచ్చాడు.

తెలుగువాళ్లు కోయంబత్తూరు ఉన్న కొంగునాడుకు వచ్చిన కథ ఈ గెంతుల మధ్యలో పడుతుంది. 14వ శతాబ్దంలో విజయనగర యువరాజు కుమార కంపన మధుర సుల్తానులను ఓడించాడు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మధుర నాయక రాజ్యం మొదలైంది. ఆ సైన్యాల వెంటా, ఆ తర్వాతా కమ్మ, బలిజ, రెడ్డి, దేవాంగ కుటుంబాలు దక్షిణానికి నడిచాయి. నల్లరేగడి దొరికినచోట సేద్యం, మగ్గం సాగినచోట నేత. నొయ్యల్ నది ఒడ్డున చెరువుతో పాటు పెరిగిన సింగానల్లూరు అలాంటి వలస చేరిన ఊళ్లలో ఒకటి. ఇప్పుడది కోయంబత్తూరు నగరంలో కలిసిపోయింది. ఇక్కడి వంటింట్లోని పసుపుకు పుట్టిల్లు మాత్రం తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఈరోడ్.

13వ శతాబ్దంలో భవాని నది నుంచి తవ్విన కాళింగరాయన్ కాలువ కింద, 1950లలో పూర్తయిన భవానీసాగర్ జలాశయం ఆయకట్టులో పసుపు ప్రధాన పంట. జూన్ ప్రాంతంలో నాటితే సంక్రాంతి తర్వాత తవ్వకాలు. మండీలో కొమ్మును విరలి అని, తల్లిదుంపను కిళంగు అని వేర్వేరు ధరలకు పాడతారు. నిజామాబాద్‌లో వీటినే కాడి, గోళ అంటారు. తవ్విన పసుపును నురగ పైకి వచ్చి, ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పుమనే దాకా ఉడకబెడతారు. ఉడికితే పచ్చి వాసన పోతుంది, పిండి పదార్థం జిగురెక్కి కొమ్ము గట్టిపడుతుంది, రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది. ఆ తర్వాత 10 నుంచి 15 రోజులు ఎండ. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, భవానీసాగర్‌లోని దాని పరిశోధనా కేంద్రం ఈరోడ్ నాటు రకం నుంచే కొత్త రకాలు తీశాయి. బీఎస్ఆర్-1, బీఎస్ఆర్-2 అన్న పేర్లలో ఉన్నది భవానీసాగరే.

పసుపు కాగితం మీదికి ఎక్కడం 1815లో మొదలైంది. ఫ్రాన్స్‌లో వోగెల్, పెల్టియే పసుపు నుంచి రంగు పదార్థాన్ని వేరుచేసి కర్కుమిన్ అని పేరు పెట్టారు. దాని అణునిర్మాణం తేలడానికి 1910 దాకా పట్టింది. కర్కుమిన్, దాని దగ్గరి చుట్టాలు మరి రెండు కలిపి ఎండు పసుపు బరువులో సాధారణంగా 2 నుంచి 6 శాతం ఉంటాయి. వాసన వేరే దగ్గరినుంచి, అంటే టర్మెరోన్ వంటి నూనెలనుంచి వస్తుంది.

ఈ అణువు గుణాల్లో కొన్నింటిని రసాయనశాస్త్రం కన్నా ముందే పెళ్లిళ్లు కనిపెట్టాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి అదే. పసుపు పూసిన కొత్త బట్ట ఎండలో ఆరేస్తే వెలుస్తుంది. మొదటిది క్షారానికి కర్కుమిన్ రంగు మారడం, రెండోది వెలుతురుకు అది విరిగిపోవడం.

నూనెను పసుపు కాపాడే తీరు కూడా ఆ నిర్మాణంలోనే ఉంది. నూనె గాలి తగిలి పాతబడేటప్పుడు స్వేచ్ఛా రాడికళ్లు పుడతాయి. ఎలక్ట్రాన్ జత కుదరని ఈ ముక్కలు పక్క అణువునుంచి హైడ్రోజన్ లాక్కుంటాయి. నష్టపోయిన అణువు తన పక్కదాని మీద పడుతుంది. ఈ గొలుసు సాగినకొద్దీ నూనెకు ముక్కిన వాసన వస్తుంది. కర్కుమిన్‌లో రెండు కొసలా ఉన్న ఫినాల్ భాగాలు తమ హైడ్రోజన్‌ను తామే ఇచ్చేసి గొలుసును తెంపుతాయి. ఇచ్చాక మిగిలిన కర్కుమిన్ పెద్దగా అల్లరి చేయదు. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాటకు అర్థం ఇంతే. ఊరగాయలో అసలు కాపలా ఉప్పుది, పులుపుది, పైన తేలే నూనెది. ఆవపిండి, మెంతిపిండి, పసుపు వాటికి తోడు.

సూక్ష్మజీవుల మీద పసుపు పనిని 1949లో నేచర్ పత్రిక అచ్చువేసింది. చర్మపు పుండ్లలో చీముకు కారణమయ్యే స్టాఫిలోకాకస్ ఆరియస్ వంటి బాక్టీరియా ఎదుగుదలను కర్కుమిన్ ఆపిందని ఇద్దరు జర్మన్ పరిశోధకులు రాశారు. తర్వాతి పరిశోధనలు దారులు చూపించాయి. కర్కుమిన్ బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తుంది. బాక్టీరియా రెండుగా చీలడానికి నడుము దగ్గర ఉంగరంలా చుట్టుకునే ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రొటీన్‌ను కూడా అది చెదరగొడుతుందని 2008లో బొంబాయి ఐఐటీ పరిశోధకులు చూపించారు. అదనపు పైపొర ఉన్న ఇ.కోలి లాంటివి మాత్రం అంత తేలిగ్గా లొంగవు. ఇంకో చిత్రం: ఎండబెట్టే కళ్లంలో మట్టి తగిలిన పసుపు కొమ్ము మీదే బాక్టీరియా బీజాలు, బూజు దండిగా ఉండగలవు. అందుకే ఎగుమతి సరుకును ఆవిరితో శుద్ధిచేస్తారు. క్రిములను ఆపే దినుసుకే స్నానం చేయించాలి.

ఇక అసలు కథ. అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో పనిచేస్తున్న ఇద్దరు భారత సంతతి పరిశోధకులు, సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ, 1993 డిసెంబరులో ఒక దరఖాస్తు పెట్టారు. గాయానికి పసుపు పొడి వాడి మాన్పించే పద్ధతి తమ ఆవిష్కరణ అన్నది దాని సారం. 1995 మార్చి 28న 5,401,504 నంబరుతో పేటెంటు వచ్చింది. పసుపును భారతదేశంలో బెణుకులకు, వాపులకు మందుగా ఎంతో కాలంగా వాడుతున్నారని ఆ పత్రంలోనే రాసి ఉంది. అంత నిజాయితీగా ఒప్పుకుని కూడా పేటెంటు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు అప్పటి అమెరికా చట్టంలో ఉంది. అమెరికాలో నలుగురికీ తెలిసినదైతే కొత్తది కాదు. బయటి దేశంలో నలుగురికీ తెలిసి, వాడుకలో ఉన్నా సరే, అచ్చులో లేకపోతే లెక్కలోకి రాదు. వంద కోట్లకు చేరువవుతున్న జనం వేలికి పూసుకున్న పసుపు ఆ చట్టం కంటికి ఆనలేదు.

అప్పుడు భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి రఘునాథ్ మాషేల్కర్ డైరెక్టర్ జనరల్. పసుపు పేటెంటు వల్ల దేశానికి డబ్బు నష్టం పెద్దగా లేదు. సింగానల్లూరులోనో గుంటూరులోనో గాయానికి పసుపు అద్దుకున్నవాళ్లకు మిసిసిపి నుంచి నోటీసు వచ్చే ప్రమాదం అసలే లేదు. అయినా మండలి పోరాడాలని నిశ్చయించింది. అది గ్రంథాలయాల మీద దండయాత్ర అయింది. సంస్కృతం, హిందీ, ఉర్దూ పుస్తకాలు తిరగేసి, అనువాదాలు చేయించి మొత్తం 32 ఆధారాలు పోగుచేశారు. వాటిలో నూరేళ్లు దాటినవీ ఉన్నాయి. భారత వైద్య సంఘం పత్రిక 1953లో అచ్చువేసిన వ్యాసం ఒకటి బాగా పనికొచ్చింది. 1996 అక్టోబరులో పునఃపరిశీలన కోరుతూ మండలి అమెరికా పేటెంటు కార్యాలయం తలుపు తట్టింది.

వాదన ముదిరినకొద్దీ వంటింటి దగ్గరికి వచ్చింది. పాత పుస్తకాలు చెప్పింది పసుపు ముద్ద గురించి, తాము చెప్పేది పొడి గురించి, రెండూ శరీరంలోకి ఇంకే తీరు వేరని పేటెంటుదారులు వాదించారు. పొడిలో నాలుగు చుక్కల నీళ్లు పోస్తే ముద్ద అవుతుందని తెలిసిన ఇల్లాళ్లెవరినీ సాక్షులుగా పిలవలేదు. పరిశీలకుడు ఆ తేడాను ఒప్పుకోలేదు. 1997 ఆగస్టులో పేటెంటులోని హక్కులన్నీ కొట్టేశారు. వర్ధమాన దేశపు సంప్రదాయ జ్ఞానం ఆధారంగా అమెరికా పేటెంటును సవాలు చేసి గెలవడం అదే మొదటిసారి. హిందీలో పసుపును హల్దీ అంటారు; పసుపులాంటి నేల రంగు వల్ల హల్దీఘాటీ అని పేరొచ్చిన లోయలో 1576లో రాణా ప్రతాప్ మొగలు సైన్యంతో తలపడ్డాడు. పత్రికలకు ఆ పోలిక అయాచితంగా దొరికింది, మాషేల్కర్‌కు హల్దీఘాటీ వీరుడన్న పేరు దక్కింది.

గెలుపు నేర్పిన పాఠం గడప మీది పసుపుకు కాగితం కావాలని. 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలైంది. ఆయుర్వేద, యునాని, సిద్ధ ఔషధ యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి, 2009 నుంచి యూరప్, అమెరికా పేటెంటు కార్యాలయాలకు అందుబాటులో ఉంచారు. అచ్చులో లేని విదేశీ వాడుకను లెక్కచేయని నిబంధనను అమెరికా 2011 నాటి చట్టంతో మార్చుకుంది. అయితే 1997 నిర్ణయం తేల్చింది ఒక్కటే: పసుపు వైద్యం కొత్తది కాదని. అది ఎంతమేరకు పనిచేస్తుందన్నది ఆ కార్యాలయం పని కాదు.

ఆ ప్రశ్న దగ్గరే కథ చిక్కుబడుతుంది. గాజుగొట్టంలో శూరుడైన కర్కుమిన్ ఒంట్లోకి వెళ్లగానే డీలా పడుతుంది. పేగులు దాన్ని చాలా తక్కువగా పీల్చుకుంటాయి, కాలేయం త్వరగా మార్చేసి పంపేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూశారు. మిరియాల్లోని ఘాటు పదార్థమే పైపరిన్. అది తోడైతే రక్తంలోకి చేరే కర్కుమిన్ 20 రెట్లయింది. పసుపు, మిరియాలు కలిసిన చారుకు ఇది శాస్త్రం ఇచ్చిన కితాబులా వినిపిస్తుంది గానీ, లెక్క వేరు. ఒక గ్రాము పసుపులో కర్కుమిన్ 30 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 2 గ్రాములు కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు మింగాలి.

2017లో ఔషధ రసాయనశాస్త్ర పత్రికలో వచ్చిన సమీక్ష మరింత కటువుగా మాట్లాడింది. కర్కుమిన్ నిలకడ లేనిది, ప్రయోగశాల పరీక్షలను తప్పుదారి పట్టించే గుణం ఉన్నది, కట్టుదిట్టమైన ప్రయోగాల్లో మందుగా నిలబడలేదు అని దాని సారాంశం. అయినా మాత్రల వ్యాపారం ఆగలేదు. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను 2022లో అమెరికా వైద్యులు ప్రచురించారు. కొన్ని మాత్రల్లో పైపరిన్ కూడా ఉంది.

వేడి దేశాల వంటల్లో మసాలా ఎక్కువ ఉండటానికి క్రిములే కారణమన్న అందమైన సిద్ధాంతానికీ దెబ్బ తగిలింది. 1998లో బిల్లింగ్, షెర్మన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. 70 రకాల వంట సంప్రదాయాలనుంచి 33,750 వంటకాలను పరిశీలించిన 2021 నాటి అధ్యయనానికి ఆ కారణం సరిపోలేదు.

మంచి రంగే మంచి పసుపు అన్న నమ్మకం ఇంకో ముప్పు తెచ్చింది. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి వన్నె తగ్గిన కొమ్ములకు సీసం ఉన్న లెడ్ క్రోమేట్ పూయడం మొదలైందని 2019లో బయటపడింది. ప్రభుత్వం గట్టిగా కదిలాక రెండేళ్లలోనే అక్కడి మార్కెట్లలో ఆ కల్తీ కనబడకుండా పోయింది. సీసం పిల్లల మెదడుకు చేసే చేటును ఏ యాంటీ ఆక్సిడెంటూ తీర్చలేదు.

అదే 2019లో ఈరోడ్ పసుపుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఏడాదే పసుపు బోర్డు కావాలని నిజామాబాద్ రైతులు లోక్‌సభ బరిలోకి దిగారు. 185 మంది అభ్యర్థుల్లో 170 మందికి పైగా రైతులే. ఓటింగ్ యంత్రాలను పక్కపక్కన పేర్చి ఎన్నిక జరపవలసి వచ్చింది. ప్రపంచ పసుపు ఉత్పత్తిలో మూడొంతులు పండించే దేశంలో బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది. నిజామాబాద్ కేంద్రంగా అది 2025 జనవరి 14న మొదలైంది. ఆ రోజు పొంగలి. సింగానల్లూరు ఇళ్లలో కుండ మెడకు ఈరోడ్ వైపు పొలాల పచ్చి పసుపు మొక్క, ఆకులతో సహా, చుట్టి కట్టి ఉంది.