నగరమధ్యమున వనద్వీపము: కార్చిచ్చుతో పోరు

దిల్‌సుఖ్‌నగరు దాటి, లాల్ బహదూర్ శాస్త్రి పేరు మోయుచున్న ఎల్.బి. నగరు కూడలి మీదుగా విజయవాడ బాటను తూర్పునకు పోవువారికి ఇండ్లు, దుకాణములు, మోటారు మరమ్మతు కొట్లు ఎడతెగక కనబడుచుండును. కొంత దూరము పోయిన పిదప బాటకు ఒక ప్రక్కన ఈ సందడి ఉన్నట్టుండి ఆగిపోవును. అక్కడ తుప్పలు, గడ్డినేలలు, వాటి నడుమ కృష్ణజింకలు. అదియే మహావీర్ హరిణ వనస్థలి. దాని వైశాల్యము 3,605 ఎకరములు, అనగా 14.59 చదరపు కిలోమీటర్లు. నాలుగు దిక్కుల నీరున్న నేలను ద్వీపమందుము. నాలుగు దిక్కుల ఊరున్న అడవిని కూడ ద్వీపమనుట తప్పు కాదని నా అభిప్రాయము. అట్టి ద్వీపమునకు వేసవిలో నిప్పు అంటుకొన్నచో ఏమగును, దానితో ఎట్లు పోరాడవలెను అను విషయమును కొంత చరిత్రతో కలిపి మనవి చేయదలచినాను.

ఈ నేల ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటస్థలము. ప్రభువు తుపాకికై దాచియుంచిన మృగములు, ఆ దాచుట వలననే మిగిలినవి. లేనిచో ఈ భూమి ఏనాడో నాగలి క్రిందికో, పునాదిరాళ్ళ క్రిందికో పోయియుండెడిది. 1975లో, వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణ వత్సర సందర్భమున, దీనికి ఆ అహింసామూర్తి పేరు పెట్టిరి. వేటనేలకు మహావీరుని పేరు! చరిత్ర ఇంత చక్కని ప్రాయశ్చిత్తమును తరచుగా చేయదు. 1994లో ఇది జాతీయోద్యానమైనది. ఆ తరువాత ఊరు పెరిగినది. 2007లో ఎల్.బి. నగరు పురపాలకము మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. ప్రక్కనున్న వనస్థలిపురమునకు పేరులో మాత్రము అడవి మిగిలినది.

అడవి కాలుటయు, నగరము వెలయుటయు మన వాఙ్మయమునకు క్రొత్త సంగతి కాదు. నన్నయ తెనిగించిన ఆదిపర్వములో ఖాండవదహన కథ గలదు. అగ్నిదేవుని ఆకలి తీర్చుటకై కృష్ణార్జునులు ఆ వనమునకు చెరియొక ప్రక్క నిలిచి, బయటికి పారివచ్చు ప్రాణులను మరల మంటలోనికే త్రోసిరి. తప్పించుకొన్నవారు బహు కొద్దిమంది: తక్షకుని కుమారుడగు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్‌ఙ్గక పక్షులు. ఆ మయుడే పిదప ఇంద్రప్రస్థమున సభ నిర్మించి ఇచ్చెను. ఈ కథలో నన్ను ఎప్పుడును కలతపెట్టునది మంట కాదు, పారిపోవు త్రోవ మూయబడుట. అడవిలో మంటలు పుట్టుచునే యుండును. జంతువులు ఆవలి గుట్టకు పరుగెత్తి, మంట చల్లారిన పిమ్మట తిరిగి వచ్చుచుండును. ఆవలి గుట్ట లేనినాడే అది ఖాండవమగును.

కార్చిచ్చును ఆపవచ్చునను నమ్మకము మన దేశపు అటవీశాఖకు మొదటినుండి లేదు. వేసవిలో అడవి కాలుట ఎండ కాయుట వంటిదేనని అధికారులు సయితము తలచిరి. 1864 ప్రాంతమున మధ్యపరగణాలలోని బోరీ అడవిలో పియర్సన్ అను సైనికాధికారి మొదటిసారిగా అడవిని మంటనుండి కాపాడి చూపెను. ఆ పద్ధతి దేశమంతట ప్రాకినది. అయితే బర్మా టేకు అడవులలో విచిత్రము జరిగినది. అగ్ని సోకకుండ కాపాడినకొలది క్రింద వెదురు, తుప్పలు దట్టమై టేకు మొలకలకు వెలుతురు లేకపోయినది. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అక్కడ ఆ కాపుదలను చాలవరకు విడిచిపెట్టిరి. నిప్పు అన్నిచోట్ల, అన్నివేళల శత్రువే అనుట సరికాదని అప్పుడే తేలినది. హైదరాబాదు సంస్థానములో 1355 ఫసలీ నాటి అడవుల చట్టము, స్వాతంత్ర్యానంతరము 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము, రెండును అడవికి నిప్పుపెట్టుటను నేరముగనే ఎంచినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 30వ విభాగమున, అభయారణ్యమునకు ముప్పు కలుగునట్లు నిప్పు రాజేయుటయే గాక, రాజేసిన నిప్పును ఆర్పక విడిచిపోవుటను కూడ నిషేధించినది.

ఇక పోరు సంగతి. అడవిమంటతో యుద్ధము నీటితో జరుగునని పట్టణవాసులు తలచుదురు. కాదు. మంటకు మూడు కావలెను: కాలునది, గాలి, వేడిమి. అడవిలో మనిషి చేతికి అందునది మొదటిది ఒక్కటే. అందుచేత చలికాలము ముగియులోపలనే అడవికి అడ్డముగా చాళ్ళవలె బాటలు తీసి, వాటిలోని గడ్డిని, రాలిన ఆకును ఊడ్చి, మనుషులు కావలియుండగనే కాల్చివేయుదురు. వీటిని అగ్నిరేఖలందురు. వచ్చిన మంట ఇక్కడ ఆకలితో చచ్చును. మంట పుట్టినచో పచ్చిమండలు విరిచి, కాలిన వైపునుండి కాలని వైపునకు జరుగుచు, ప్రక్కలనుండి మొనవైపునకు కొట్టుకొనుచు పోవుదురు. ఎదురుగ నిలుచుట ప్రాణాపాయము. గాలి తగ్గి, మంచు పడు తెల్లవారుజామున ఈ పని సుళువు; మధ్యాహ్నము దుస్సాధ్యము. మొన మిక్కిలి బలమైనప్పుడు అగ్నిరేఖనుండి ఎదురుమంట పెట్టుదురు. మంటకు మంటయే ఎదురై, నడుమ కాలుటకేమియు మిగులక రెండును ఆరిపోవును. తెలియనివారు చేసిన ఎదురుమంట మాత్రము రెండవ కార్చిచ్చు అగును.

పెద్ద అడవిలో ఈ పోరు ఎంత కఠినమో 2014 మార్చిలో శేషాచలము కొండలలో తెలిసినది. తిరుమల దాపున, ఎఱ్ఱచందనపు అడవిలో మంటలు చెలరేగగా, మనుషులు ఎక్కలేని లోయలపై భారత వైమానిక దళపు ఎం.ఐ.-17 హెలికాప్టర్లు పెద్ద నీటితొట్లను వ్రేలాడదీసికొని వచ్చి నీరు క్రుమ్మరించినవి. అంతటి సాధనము వనస్థలికి అవసరము లేదు. బాట చెంతనే యున్నది. కాని శేషాచలమునకు ఉన్నది వనస్థలికి లేనిది ఒకటి కలదు. అది చోటు. అక్కడి కణుజు ఈ కొండ వీడి ఆ కొండకు పోగలదు.

వనస్థలిలోని ఇఱ్ఱి గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తగల జంతువు. చీతా తరిమినప్పుడు నేర్చిన పరుగది. చీతా మన దేశమున అంతరించినట్లు 1952లో ప్రకటించిరి. పరుగు మాత్రము మిగిలినది. పదునాలుగున్నర చదరపు కిలోమీటర్ల నేలను నాలుగు మూలల చతురముగా ఊహించినచో ఒక్కొక్క ప్రక్క నాలుగు కిలోమీటర్లు కూడ రాదు. ఆ వేగమున మూడు నిమిషములలో ఇఱ్ఱి ఆవలి కంచె చేరును. ఆ పిమ్మట ఇండ్లు, లారీలు. పెద్దవాటి మాట అటుంచుడు. పుట్టిన క్రొత్తలో జింకపిల్ల పరుగెత్తదు. గడ్డిలో కదలక పండుకొని దాగును. పులినుండి కాపాడు ఆ ఒద్దికయే మంటలో దానికి మృత్యువు. నేలమీద గూడు కట్టు కౌజు గతియు అంతియే.

అయినను గడ్డినేల ఎన్నడును కాలరాదని నేననను. ముదిరి ఎండిన గడ్డి జింకకు రుచించదు. తొలకరి తరువాత మొలచు లేత గడ్డియే దానికి విందు. ఒక మూల కాలిన నేల మరుసటి నెలలో మేత కావచ్చును. అన్ని మూలలు ఒక్కనాడు కాలుటయే ముప్పు. కనుక ద్వీపములో అగ్నిరేఖ పని మంటను ఆపుట మాత్రమే కాదు. ఒక ముక్క కాలినను జింకలకు ప్రక్క ముక్క మిగులునట్లు నేలను పంచియుంచుట.

నేడు ఆకాశమునుండి కూడ కావలి కలదు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహములు పట్టిన మంటల జాడను రాష్ట్రములకు తెలుపుచున్నది. మోడిస్ అను పరికరమునకు కనబడు చదరము ప్రక్క ఒక కిలోమీటరు. ఆ లెక్కన వనస్థలి యంతయు పదునైదు చదరములు. వీర్స్ అను క్రొత్త పరికరపు చదరము ప్రక్క 375 మీటర్లు. దానికిది సుమారు నూరు చదరములు. నల్లమల వంటి మహారణ్యమునకు ఇది గొప్ప వరము. ఇక్కడ మాత్రము, ఉపగ్రహము తిరిగి వచ్చి చూచి చెప్పునంతలో గాలివాటున గడ్డిమంట సగము దూరము పోవచ్చును. ప్రహరీ చెంత నివసించువారు మేడమీదనుండి పొగను ముందుగా చూతురు.

మన అడవులలో మెఱుపు వలన పుట్టు మంటలు అరుదు. దాదాపు అన్నియు మనిషి చేతివే. నల్లమలలో ఇప్పపువ్వు ఏరుటకు చెట్టు క్రింద ఆకు కాల్చుట, తునికాకు చిగుళ్ళకై తుప్పలకు నిప్పు పెట్టుట కారణములు. వనస్థలి చుట్టును ఇప్పపువ్వు ఏరువారు లేరు. బాటప్రక్క పారవేసిన బీడీముక్క, గోడవారగ పోగుచేసి తగులబెట్టిన చెత్త, విందులలో కాల్చిన బాణసంచా ఇక్కడి నిప్పులు. అందువలన ఈ ద్వీపమునకు మొదటి అగ్నిరేఖ లోపల కాదు, వెలుపల, గోడకు ఊరివైపున ఉండవలెను. సంక్రాంతి వెళ్ళిన నాటినుండి గోడవారనున్న ఎండుగడ్డిని పది అడుగుల మేర చెక్కి తీసివేయుటకు పారలు, నలుగురు మనుషులు చాలును. చెత్త తగులబెట్టుచోటు గోడకు ఎంత దూరమున నుండవలెనో ఆ వీధులవారే నిర్ణయించుకొనవచ్చును.